మూయడానికి వేసిన రైలు

పొన్నగెడ్డ లోయకి రైలు ఎలా వచ్చిందో చెబితే ఎవరూ నమ్మరు. నమ్మనివాళ్ళని నేను తప్పు పట్టను. ఆ వ్యవహారం నడిపిన కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉండి, ప్రతి సమావేశంలోనూ ఒక మూల కూర్చుని, ప్రతి తీర్మానాన్నీ నా చేత్తో రాసినవాణ్ణి నేను. అయినా పొద్దున్నే రైలు కూత వినపడితే ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది.

ఆ లోయవాళ్ళు రైలు కావాలని అడగడం తాతల నాటి నుంచీ ఉంది. పైన కొండ మీద అడ్డరాయి అనే ఊరు, కింద మైదానంలో కొత్తసంత, మధ్యలో గెడ్డ అని పిలిచే కొండవాగు వెంట ఒక కాలిబాట. కొండ మీద పండే అనాసపళ్ళూ, అల్లమూ, పసుపూ నెత్తిన పెట్టుకుని ఆ బాటన దిగాలి. దిగేసరికి పళ్ళు సగం నలిగిపోయేవి. మిగతా సగం, ఇంక తిరిగి మోసుకుపోలేరు కదా అని తెలిసిన బేరగాళ్ళు అడిగిన ధరకి పోయేవి. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ బాట కూడా ఉండేది కాదు. వాళ్ళు అర్జీ పెట్టుకున్నప్పుడల్లా పైనుంచి ఒకటే జవాబు: సదరు లోయయందు ప్రయాణికులు లేనందున రైలు మార్గము లాభసాటి కాదని తెలియజేయడమైనది. ప్రయాణికులు లేరని వీళ్ళకెలా తెలిసిందయ్యా అంటే, అక్కడ రైల్లో ఎవరూ ప్రయాణించడం లేదట. అది నిజమే, కాదనలేం.

అలాంటి లోయకి రైలు రావడానికి కారణం సైకిలు.

మా పర్యాటక సంస్థ డైరెక్టరు కంచర్ల విరూపాక్షం గారు ఒక వేసవిలో మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న ఒక దేశానికి అధ్యయన యాత్రకి వెళ్ళారు. మా వాళ్ళు అధ్యయన యాత్రలకి వెళ్ళడం కొత్త కాదు. సముద్రం లేని జిల్లా వాళ్ళు ఓడరేవులు చూసొచ్చారు, ఎడారి గురించి తెలుసుకుందామని కోనసీమ వాళ్ళు వెళ్ళొచ్చారు. వెళ్ళినవాళ్ళంతా చాక్లెట్లతో తిరిగొచ్చి, మూడో రోజుకి ఆ దేశం పేరు మరిచిపోయేవాళ్ళు. విరూపాక్షం గారు అలా కాదు. మొహం ఎండకి కందిపోయి, నెత్తిన హెల్మెట్‌తో వచ్చారు. ఆ హెల్మెట్ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నా తీసేవారు కాదు.

మమ్మల్నందరినీ పిలిచి చెప్పారు. రెండు కొండల మధ్య నది, నది పక్కనే దారి, దారి పొడుగునా బాదం తోటలూ ఆలివ్ తోటలూ. ఆ దారిలో కారు లేదు, లారీ లేదు, హారన్ లేదు. ఎక్కుతున్నట్టు తెలియకుండానే ఎక్కుతాం, తొక్కకుండానే దిగుతాం. సొరంగంలో దూరితే ఒళ్ళు చల్లబడుతుంది, బయటికొచ్చేసరికి లోయంతా కళ్ళ ముందుంటుంది. పాత స్టేషన్లో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. చెబుతూ చెబుతూ ఆయన కళ్ళు తడయ్యాయి. ఈ విషయంలో మాత్రం నేను నవ్వను. ఉద్యోగమంతా కారు వెనక సీట్లో గడిపిన మనిషి, మొదటిసారి తన కాళ్ళతో తాను ఎక్కడికో వెళ్ళి సంతోషపడ్డాడు. అది అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆ దారి ఒకప్పుడు రైలు మార్గమట. మూతపడితే పట్టాలు తీసేసి సైకిళ్ళకి ఇచ్చారట. అలాంటి దారులకి గుర్తింపునిచ్చే ఒక అంతర్జాతీయ సమాఖ్య ఉంది. మన రాష్ట్రంలోనూ ఒకటి ఉండి తీరాలని డైరెక్టరు గారు నిశ్చయించారు. కొండలూ, నదీ, వాహనాలు లేకపోవడమూ ఎక్కడున్నాయని వెతికితే పొన్నగెడ్డ లోయ దొరికింది. కొండలున్నాయి, గెడ్డ ఉంది. వాహనాల మాటకొస్తే, అసలు రోడ్డే లేదు కాబట్టి ఆ అర్హత పుట్టుకతోనే ఉంది. ఒక్కటే లోటు. సమాఖ్య వారి నియమం ప్రకారం, వాడుకలో లేని రైలు మార్గాన్ని సైకిలు మార్గంగా మార్చాలి.

ఇంజనీరు పైడితల్లిరాజు గారు కొత్తగా బదిలీ మీద వచ్చారు కాబట్టి తెలియక లేచి, ఉన్న కాలిబాటనే కాస్త వెడల్పు చేస్తే సైకిళ్ళు పోతాయి కదండీ అన్నారు. గదిలో అందరూ ఆయన వైపు జాలిగా చూశారు.

"మార్చాలి అన్నారండీ, వెయ్యాలి అనలేదు," అన్నారు డైరెక్టరు గారు. "లేనిదాన్ని ఎలా మారుస్తారు?"

ఆర్థిక సలహాదారు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, అయితే ముందు మూతపడిన రైలు మార్గం ఒకటి సమకూర్చుకోవాలన్నారు. మూతపడాలంటే అది తెరిచి ఉండాలి కదా అన్నారు పక్కనున్నాయన. తెరిచి ఉండాలంటే ముందు వెయ్యాలి అన్నారు ఇంకొకాయన. ఇంజనీరు గారు మళ్ళీ లేవబోతే నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయనకి ఇద్దరు పిల్లలు.

"సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నాం," అన్నారు డైరెక్టరు గారు. మూసివేత నిమిత్తము నూతన రైలు మార్గ నిర్మాణం అని నేను రాసుకున్నాను.

తాతల నాటి నుంచీ రాని రైలు ఇంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. నడిచే రైలుకైతే అడవుల శాఖవారు అభ్యంతరం చెప్పేవారే, మూతపడే రైలు కాబట్టి పర్యావరణానికి మేలని వెంటనే సంతకం పెట్టారు. లాభసాటి కాదని అన్నేళ్ళూ అడ్డుపడినవారు ఇప్పుడు అదే కారణంతో మెచ్చుకున్నారు. నష్టం రాకపోతే మూయడం కష్టం కదా. స్టేషన్లు మాత్రం పాతవిగా కనిపించాలని డైరెక్టరు గారు ఫోటోలు ఇచ్చి, గోడలకి పగుళ్ళు ఉండాలని పట్టుబట్టారు. కాంట్రాక్టరు ఆ ఫోటోలు చూసి, దీనికి ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు సార్, మేం ఏది కట్టినా వస్తాయి అన్నాడు.

సొరంగాలు తవ్వారు, గెడ్డ మీద వంతెనలు కట్టారు. నన్ను అడ్డరాయి స్టేషన్‌కి మూసివేత అధికారిగా వేశారు. స్టేషన్ తెరవకముందే మూసివేత అధికారి చేరడం పరిపాలనలో ముందుచూపుకి నిదర్శనమని నా నియామకపు సభలో ఎవరో అన్నారు. లెక్క ప్రకారం రైలు కొన్నాళ్ళు నడవాలి, ఎవరూ ఎక్కకూడదు, నష్టం రావాలి, అప్పుడు మూసివేత సంఘం వచ్చి ఖాళీ పెట్టెలు చూసి సరే అనాలి. ఆ తరువాత పట్టాలు పీకి సైకిళ్ళు దించడమే. సైకిళ్ళు అప్పటికే వచ్చి స్టేషన్ గదిలో వరసగా ఉన్నాయి. నేను వాటి మధ్యే కుర్చీ వేసుకునేవాణ్ణి.

మొదటి రోజు రైలు వచ్చి ఆగింది. కిల్లో చిలకమ్మ అనే ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. భర్త లేడు, ఒక తోట ఉంది, మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా ఏళ్ళ తరబడి వారం వారం ఆ కాలిబాటన పళ్ళు దించిన మనిషి. పెట్టె గుమ్మం దగ్గర ఆగి నా వైపు చూసింది.

"ఎక్కొచ్చా బాబూ?"

ఎక్కకూడదని చెప్పడం నా ఉద్యోగం. కానీ రైలు ఎదురుగా నిలబెట్టుకుని ఎక్కొద్దని ఒక మనిషితో ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. నేను పక్కకి చూశాను. ఆవిడ ఎక్కింది. ఆవిడ వెనక ఊరంతా ఎక్కింది.

సాయంత్రానికి చిలకమ్మ ఖాళీ గంపతో దిగింది. ఒక్క పండూ నలగలేదట, అయినకాడికి అమ్మేసి రావాల్సిన పనిలేదట, సాయంత్రం బండి ఉంది కదా అని బేరగాడితో మొండికేసిందట. నడవకుండా సంతకెళ్ళిరావడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు అంది. ఆ మాట అంటూ మోకాళ్ళు నిమురుకుంది. నేను ఆవిడ గంప అందుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా మోశాను. మూసివేత అధికారి అలాంటి పనులు చెయ్యకూడదు.

ఆ నెల రైలు కిటకిటలాడింది. డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. ప్రజలు సహకరించడం లేదని పై అధికారులకి రాశారు. స్టేషన్ల గోడల మీద, రైలు ఎక్కకండి, లోయ అభివృద్ధికి తోడ్పడండి అని పెద్ద అక్షరాలతో రాయించారు. చదవొచ్చిన పిల్లలు రైలు కోసం నిలబడి అది గట్టిగా చదివేవాళ్ళు. తరువాత వేళలు మార్చి తెల్లవారుజామున పెట్టారు. సంతకి ముందే చేరుకుంటామని జనం సంబరపడ్డారు. సీట్లు పీకించారు. గంపలు పెట్టుకోవడానికి జాగా అయిందని ఆడవాళ్ళు ఇంజనీరు గారికి ఒక పనసపండు పంపించారు. చివరికి రైలు ఎక్కడా ఆపొద్దని ఆదేశం ఇచ్చారు. కొండ ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా ఆ బండి మనిషి నడక కంటే మెల్లగా పోతుంది. దాంతో స్టేషన్ దాకా రానక్కర్లేకుండా ఎవరి తోట దగ్గర వాళ్ళు ఎక్కారు.

ఇక లాభం లేదని డైరెక్టరు గారు స్వయంగా వచ్చారు. చిలకమ్మని పిలిపించి, స్టేషన్ గదిలోంచి ఒక సైకిలు తెప్పించి, దానికున్న గేర్లు చూపించి, ఎంత ఎత్తయినా ఎక్కుతుందని వివరించారు. ఆవిడ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"గంప ఎక్కడెట్టీది బాబూ?"

"గంప దేనికమ్మా? ఈ మార్గం యాత్రికులకి. మీరు మార్గానికి శోభ. మీరంతా రంగురంగుల చీరలు కట్టుకుని అక్కడక్కడా నిలబడి చెయ్యి ఊపితే చాలు."

"సెయ్యూపితే పళ్ళు అమ్ముడవుతాయా?"

ఆయన చాలా ఓపికగా, ఇది దీర్ఘకాలిక ప్రయోజనమని చెప్పారు. చిలకమ్మ అంతా విని, "బండి తీసేత్తారేటి బాబూ?" అని నన్నడిగింది. ఆయన్ని కాదు, నన్ను. నేను సైకిలు బెల్లు తుడుస్తూ ఉండిపోయాను.

అప్పుడే సమాఖ్య తరఫున మార్గాన్ని చూడటానికి, డైరెక్టరు గారు చూసొచ్చిన ఆ దేశం నుంచి అంపారో గారనే పెద్దావిడ వచ్చారు. తెల్ల జుట్టు, ముడతలు పడ్డ మొహం, ఆ వయసులోనూ గట్టి పిక్కలు. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు నాకు వచ్చినంతే కాబట్టి మాకిద్దరికీ బాగా కుదిరింది. సైకిలు దారి చూపించమన్నారు. ముందుగా దాని మీద నడుస్తున్న రైలు చూపించాల్సి వచ్చింది. ఆవిడ ఎక్కారు. చిలకమ్మ పక్కన నేల మీద కూర్చుని, అనాసపండు ముక్కలు ఉప్పూ కారం అద్దుకుని తింటూ, కిటికీలోంచి గెడ్డని చూస్తూ కొత్తసంత దాకా వెళ్ళి, సాయంత్రం బండికి తిరిగొచ్చారు.

తరువాత ఆవిడ చెప్పింది నేను డైరెక్టరు గారికి తెలుగు చేశాను. వాళ్ళ లోయలో ఆఖరి రైలు వెళ్ళిన రోజు ఆవిడకి బాగా గుర్తు. వాళ్ళ నాన్న అదే మార్గంలో, ఒక స్టేషన్ పక్కన గేటు వేసేవాడు. ఆ రోజు రైల్లో ఎవరూ లేరు. పని దొరక్క జనం పట్నాలకి వెళ్ళిపోతే ఊళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి, ఎక్కేవాళ్ళు లేక రైలు ఆగిపోయింది. ఊరికే పడున్న పట్టాలు చూసి ఓర్చుకోలేక చాలా ఏళ్ళకి దాన్ని సైకిళ్ళకిచ్చారు.

"మా దారి బాగుంటుంది, నిజమే," అన్నారావిడ. "నేనూ తొక్కుతాను. కానీ తొక్కుతూ ఆ స్టేషన్ దాటినప్పుడల్లా మా నాన్న గుర్తొస్తాడు. మీ రైల్లో ఇంకా జనం ఉన్నారు. దీన్ని ఉంచుకోండి. సైకిళ్ళకి గెడ్డ అవతలి గట్టు చాలదా?"

నా ప్రాణం లేచొచ్చింది. నా తర్జుమాలో లోపం రాకూడదని ఒక్కో మాటా రెండుసార్లు చెప్పాను. డైరెక్టరు గారు శ్రద్ధగా విన్నారు, హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని మరీ విన్నారు. వింటున్నకొద్దీ ఆయన మొహం విప్పారింది.

"మన పొరపాటు ఇప్పుడు తెలిసిందండీ," అన్నారు నాతో. "ముందు ఊళ్ళు ఖాళీ కావాలి. మనం క్రమం తప్పాం."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. లోయను దశలవారీగా జనరహితం చేయవలెను. జనం వెళ్ళడానికి వీలుగా ప్రస్తుత రైలును వలస రైలుగా పరిగణించవలెను. చివరి వ్యక్తి నిష్క్రమించే వరకు రైలు నడుపుతూ ఉండి, తదుపరి మార్గమును మూసివేయవలెను. కొండ దిగే బండిలో రోజూ ఎందరు వెళ్ళారో మూసివేత అధికారి లెక్కించి తెలియజేయవలెను. వెళ్ళినవాళ్ళు ఎక్కడ ఉండాలి, ఏం తినాలి అన్నది ఉత్తర్వులో లేదు. అది వేరే శాఖ.

ఆ సంగతి ఊళ్ళో తెలిసిన రోజు చిలకమ్మ గంప లేకుండా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా తోట వొగ్గేసి ఎల్లిపోమంటన్నారంట. ఎక్కడికెల్తాం బాబూ? ఆ కిందన మాకేటుంది?"

నేను ఉత్తర్వు మళ్ళీ తీసి చదివాను. నా ఉద్యోగంలో ఉత్తర్వుని అంత ప్రేమగా ఎప్పుడూ చదవలేదు. చదివి, డైరెక్టరు గారికి ఫోన్ చేసి, కొండెక్కే బండిలో వచ్చేవాళ్ళని కూడా లెక్కపెట్టాలా అండీ అని అడిగాను.

ఆయనకి కోపం వచ్చింది. "వలసకి తిరుగు ప్రయాణం ఉంటుందాండీ? ఉత్తర్వులో ఉన్నంత వరకే చెయ్యండి."

చిత్తం అన్నాను. విధేయత అన్నది మా వంశంలో ఉంది. చిలకమ్మ దగ్గరికి వచ్చి, రేపు పొద్దున్న గంప తెచ్చుకుని బండెక్కమన్నాను.

"సాయంత్రం బాబూ?"

"సాయంత్రం గురించి ఇందులో ఏమీ లేదమ్మా."

ఆవిడ నా మొహం వైపు కాసేపు చూసింది. తరువాత లేచి చీర దులుపుకుని ఇంటికెళ్ళింది. మర్నాడు లోయంతా వలస పోయింది. సాయంత్రం బండి దిగి ఇళ్ళకెళ్ళి వంటలు చేసుకుంది. ఆ పై రోజు మళ్ళీ పోయింది. పిల్లలు బడికి వలస పోయేవాళ్ళు, ముసలివాళ్ళు ఆసుపత్రికి వలస పోయేవాళ్ళు. ఒకమ్మాయి పెళ్ళి చీరలు కొనుక్కోవడానికి వలస పోయింది. నేను ఎంతమంది వెళ్ళారో నిజాయితీగా లెక్కపెట్టి పంపేవాణ్ణి. రాజధానిలో ఆనందానికి అవధులు లేవు. ఇంత శాంతియుతంగా జనం తరలివెళ్ళడం ఎక్కడా చూడలేదని సమీక్షా సమావేశంలో చప్పట్లు కొట్టారట. మా లెక్క ప్రకారం ఆ లోయ ఇప్పటికి చాలాసార్లు ఖాళీ అయింది. లోయలో ఉన్న జనం కంటే వెళ్ళిపోయిన జనం ఎక్కువయ్యారెందుకని ఎవరో అడిగితే, జనాభా లెక్కలు పాతబడ్డాయని ఆర్థిక సలహాదారు గారే సర్దిచెప్పారట. చివరి వ్యక్తి నిష్క్రమించారా అని పైనుంచి అడుగుతూనే ఉంటారు. ఇంకా లేదండీ, ఈ రోజు కూడా బండి నిండా వెళ్ళారు అని చెబుతాను. అయితే నడపండి అంటారు.

అంతా సాఫీగా ఉన్న సమయంలో, ఖాళీ అయిన లోయ అందం చూద్దామని డైరెక్టరు గారు బయలుదేరారు. కొత్తసంతకి సైకిలుతో వచ్చారు. పైకి తొక్కుకుంటూ వచ్చే ఓపిక లేదు, దారి నిండా పట్టాలు కూడా ఉన్నాయి. అందుకని సాయంత్రం బండి ఎక్కారు. ఆ రోజు సంత. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ఆయన ఒంటికాలి మీద నిలబడి, సైకిలు రెండు చేతులతో నెత్తి మీద ఎత్తి పట్టుకుని, సగం దారి అలాగే వచ్చారట. అక్కడ చిలకమ్మ జరిగి ఆయనకి చోటిచ్చి, సైకిలు కిటికీ చువ్వకి తాడుతో కట్టించిందట.

అడ్డరాయిలో బండి ఆగింది. డైరెక్టరు గారు దిగి, పక్కకి వంగిన హెల్మెట్‌తో, తనని దాటుకుపోతున్న జనాన్ని చూస్తూ నిలబడ్డారు. గంపలు, సంచులు, నిద్రపోతున్న పిల్లలు, కట్టేసిన కోళ్ళు. నేను రాజీనామా మాటలు మనసులో కూర్చుకుంటున్నాను. ఆయన చిలకమ్మని ఆపారు.

"వీళ్ళంతా వలస వెళ్ళినవాళ్ళే కదా. మళ్ళీ పైకెందుకొచ్చారు?"

చిలకమ్మ గంప చంకన మార్చుకుని, ఆ మాత్రం తెలియదా అన్నట్టు ఆయన వైపు చూసింది.

"రేపు పొద్దున్న మళ్ళీ వలస పోవాల గదా బాబూ. ఈయేల ఇంటికి రాకపోతే రేపు ఎక్కడ్నుంచి పోతాం?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. గెడ్డ వైపు చూశారు, సైకిలు వైపు చూశారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన విన్న కారణాలన్నిటిలోనూ ఇంత కార్యాలయ పద్ధతిలో ఉన్నది ఇంకొకటి లేదనుకుంటాను.

"అదీ నిజమే," అన్నారు చివరికి. నా వైపు తిరిగి, "రాసుకోండి. వలసకి ఆటంకం కలగకుండా కొండెక్కే బండికి ఇంకొక పెట్టె."

ఆ పెట్టె పోయిన నెలలో వచ్చింది. దానికి సీట్లు కూడా ఉన్నాయి. కిటికీ పక్కది చిలకమ్మది.